పిట్టగోడ మీద దూది

"కవరు బొమ్మ దిండులా ఉంది. చీపురు బొమ్మ తడిసిన కాకి తోకలా ఉంది. ఇవి గీసిందెవరో గానీ కళ్లకు గంతలు కట్టుకుని గీసినట్టున్నారు."

కంప్యూటరు తెర మీద ఉన్నది ఉన్నట్టు తమ్ముడు పైకి చదివేశాడు. చదివాక గానీ అక్క అదే గదిలో ఉందని గుర్తు రాలేదు. అక్క కుట్టుమిషన్ మీద కాలు ఆపేసింది. ఆమె చేతి కింద ఫైర్ స్టేషన్ వాళ్ల చొక్కాలకు వేసే బ్యాడ్జీ ఉంది. ఎర్రదారంతో మంట సగం దాకా వచ్చింది.

"ఎవడు వాడు?" అంది.

"అసలు పేరు తెలీదక్కా. ముక్కుసూటి అని పెట్టుకున్నాడు."

"ఇంకా సూటిగానే ఉందా ఆ ముక్కు? ఎవరూ వంచలేదా?"

వంటింట్లోంచి మరదలు నవ్వింది. తమ్ముడి భార్య ఆమె. ఆ ఇంట్లో ఉండేది ఈ ముగ్గురే.

తమ్ముడు పగలంతా వేబ్రిడ్జి దగ్గర లారీల తూకం చీటీలు కొడతాడు. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని, న్యూస్‌గ్రూపులు చదువుకోవడానికి ఒక ప్రోగ్రాం రాశాడు. మొక్కల మీద ఇష్టం ఉన్నవాళ్లు ఒక గ్రూపు, పాత రేడియోలు బాగుచేసుకునేవాళ్లు ఒక గ్రూపు, ఇలా ఎవరికి వాళ్లు ఒకచోట చేరి ఉత్తరాలు పెడుతుంటారు. ఒకరు పెట్టింది అందరూ చదువుతారు. నచ్చితే జవాబు రాస్తారు, నచ్చకపోతే రెండు జవాబులు రాస్తారు. ఇరుగుపొరుగువాళ్లు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడుకున్నట్టు ఉంటుందని, ఆ ప్రోగ్రాంకి పిట్టగోడ అని పేరు పెట్టాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా ఊరికే ఇచ్చాడు.

అందులో బొమ్మలన్నీ అక్కవి. బ్యాడ్జీ కుట్టే ముందు గళ్ల కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో కుట్టు చొప్పున రంగు నింపుకోవడం ఆమె పద్ధతి. స్క్రీన్ మీద బొమ్మ కూడా గళ్లతోనే తయారవుతుందని తమ్ముడు చెప్పినప్పుడు, "ఓస్, ఇంతేనా," అని ఒక్క మధ్యాహ్నంలో అన్నీ గీసిచ్చింది. జవాబు రాయడానికి కవరు. నచ్చిన ఉత్తరం గుచ్చి దాచుకోవడానికి పిన్నీసు. పాతవి తీసిపారేయడానికి చీపురు. ఫలానా మనిషి రాసేవి నాకొద్దు అనుకునేవాళ్ల కోసం ఒక దూది ఉండ. అది నొక్కి పేరు చెబితే ఆ మనిషి ఉత్తరాలు ఇక మన కంటపడవు. చెవిలో దూది పెట్టుకున్నట్టే.

ఈ ప్రోగ్రాం ఎలా ఉందో చెప్పుకోవడానికి కూడా ఒక గ్రూపు ఉండేది. వాడేవాళ్లు అక్కడ మంచీ చెడ్డా రాసేవారు. ఊళ్లో లైబ్రరీ మేడమ్ ఒకసారి, "బొమ్మలు చూసి మా రీడింగ్ రూముకి వచ్చే పెద్దవాళ్లకు కూడా కంప్యూటరంటే భయం పోయింది," అని రాసింది. ఆ మాట అక్కకు కంఠతా వచ్చు. ముక్కుసూటి మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి తవ్వి తీసేవాడు. అక్షరాలు చిన్నవన్నాడు. కిటికీ మూసే గుర్తు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోందన్నాడు. ప్రతిదానికీ "నిజంగానా? ఖాయమేనా?" అని అత్తగారిలా అడుగుతుందన్నాడు. తమ్ముడు నవ్వుకుని వాటిల్లో సగం సరిచేసేవాడు.

"అతను చెప్పేవాటిల్లో నిజం ఉంటుందక్కా," అన్నాడు ఆవేళ కూడా.

"నిజమా? ఊరికే పెట్టింది తింటూ ఉప్పు లేదంటాడా?"

"ఉప్పు లేకపోతే లేదనే అంటారు కదా వదినా," అంది మరదలు.

"నువ్వు లోపలికి పో. కూర మాడుతోంది."

"కూర ఇంకా పొయ్యి మీద పెట్టనేలేదు."

అక్క ఆ మాట వినిపించుకోలేదు. తమ్ముడి కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడి, తెర మీద వేలు పెట్టింది. "వాడి నోరు మూయించు."

"ఎలా?"

"దూది పెట్టు."

"నీ చెవిలో నువ్వు పెట్టుకో. నేనొద్దన్నానా?"

"నా చెవిలో కాదు. అందరి చెవుల్లో పెట్టు. వాడు అరుస్తూ ఉండాలి, ఒక్కడికీ వినపడకూడదు."

తమ్ముడు కుర్చీ తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదని తెలిసింది. "ఎవరి చెవిలో దూది వాళ్లు పెట్టుకోవాలక్కా. ఊరందరి చెవుల్లో మనం పెట్టకూడదు. దొంగతనంలాంటిది అది."

"నన్ను గుడ్డిదన్నాడురా వాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూదిలో దారం ఎక్కించి బతికేదాన్ని."

ఆ తర్వాత ఆమె తమ్ముడితో మాటలు మానేసింది. ముద్ద కలిపి పెట్టి పెంచిన మనిషి. ఆమె మాట్లాడకపోతే ఆ ఇంట్లో గోడలు కూడా మాట్లాడనట్టే ఉంటుంది. భోజనాల దగ్గర, "మీ ఆయనకు నీళ్లు కావాలేమో అడుగు," అని మరదలితో అనేది. మరదలు, "మీ అక్కగారు నీళ్లు కావాలా అంటున్నారండీ," అనేది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య గ్లాసు అలా చుట్టూ తిరిగి వచ్చేది.

అక్క రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దండం పెట్టుకునేది. తమ్ముడు చల్లగా ఉండాలనీ, మరదలి మోకాలి నొప్పి తగ్గాలనీ, మిషన్ సూదులు విరక్కూడదనీ అడిగేది. ఆ రోజుల్లో చివర ఇంకో కోరిక కూడా చేర్చింది. దేవుణ్ణి మేలు అడగడం అందరం చేసేదే. ఫలానావాడి మాట ఎవరికీ వినపడకుండా చెయ్యమని అడగొచ్చో లేదో ఆమె ఆలోచించలేదు. అడిగేసిన తర్వాత ఆలోచించేవాళ్లమే మనలో ఎక్కువ.

దేవుడు ఏమన్నాడో గానీ తమ్ముడు మెత్తబడ్డాడు. ఒక ఆదివారం, పిట్టగోడకి మార్పులు చేసి కొత్తది తయారుచేస్తున్నప్పుడు, "సరే, పెడతాను. ఇక మాట్లాడు," అన్నాడు. ప్రోగ్రాం లోపల ఎవరికీ కనపడని చోట ముక్కుసూటి పేరు రాశాడు. కొత్త పిట్టగోడ వాడే ఎవరికీ అతని ఉత్తరాలు కనపడవు. అతనికి అనుమానం రాకుండా అతని మెషీన్లో మాత్రం అతనివి అతనికి కనిపిస్తాయి.

అక్క మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చి తమ్ముడి జుట్టు చెరిపింది. "ప్రశ్నలు ఎక్కువన్నాడుగా? అవీ తీసెయ్. అడగొద్దన్నాడు, ఇక అడక్కు. కావాల్సిందేగా వాడికి."

"చీపురు దగ్గరైనా అడగాలక్కా."

"అన్నీ తీసెయ్."

విసిగిపోయి ఉన్నాడు తమ్ముడు. అన్నీ తీసేశాడు. చీపురు పసుపుది, పిన్నీసు ఆకుపచ్చది, రెండూ పక్కపక్కన ఉంటే రంగులు కుదురుతాయని అక్క అంటే ఆ మార్పూ చేశాడు. కొత్తది జనంలోకి వెళ్లింది. చూస్తుండగానే వాడేవాళ్లు దాదాపు అందరూ దానికి మారిపోయారు. అక్క మాత్రం తన మూలనున్న కంప్యూటరులో పాతదే ఉంచుకుంది.

"నీది మార్చలేదే?" అని తమ్ముడు అడిగాడు.

"నాకు పాతదే అలవాటు."

అలవాటు కాదు. పాతదాంట్లో ముక్కుసూటి కనిపిస్తాడు. వాడు గాలితో మాట్లాడుతుంటే చూడాలి కదా. చూడకపోతే పగ తీర్చుకుని ఏం లాభం?

మొదటి ఉత్తరం ఎప్పటి పొగరుతోనే వచ్చింది. "కొత్త పిట్టగోడ చూశాను. దూది బొమ్మ క్యాబేజీలా ఉంది." ఒక్క జవాబూ రాలేదు. అక్క ఆ పూట పాట పాడుకుంటూ కుట్టింది.

తర్వాత, "క్యాబేజీ సంగతి ఎవరూ ఒప్పుకోరా?" అని రాశాడు. ఆ తర్వాత, "నేను రాసేవి ఎవరికైనా అందుతున్నాయా?" అన్నాడు. అక్క అతని వెంటే రేడియోల గ్రూపుకి కూడా వెళ్లింది. అక్కడ ఎవరో తన రేడియో గరగరమంటోందని మొరపెట్టుకుంటే, ముక్కుసూటి ఏ తీగ ఎక్కడ వదులై ఉంటుందో ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. అడిగినవాడు కొన్నాళ్లాగి, "ఒక్కరైనా సాయం చేస్తారనుకున్నాను. రేడియో అమ్మేశాను," అని నిష్ఠూరంగా రాశాడు. "చెప్పానుగా బాబూ, పైన చూడండి," అన్నాడు ముక్కుసూటి. పైన ఏముందో ఆ బాబుకు కనిపిస్తే కదా.

"వదినా, ఏంటి మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అని మరదలు అడిగింది.

"కడుపు చల్లగా ఉంది."

"మజ్జిగ తాగారా?"

"అంతకంటే మంచిదే తాగాను."

ఒక రోజు ఉత్తరం వేరేలా వచ్చింది. "మెషీన్ పాడైందేమోనని చూపించాను. బానే ఉందన్నారు. నా మాటవల్ల ఎవరైనా నొచ్చుకుని ఉంటే చెప్పండి. చెబితే మానుకుంటాను." అక్క దాన్ని మళ్లీ చదివింది. నొచ్చుకున్నది ఎవరో ఆమెకు తెలుసు. చెబితే అయిపోయేది కూడా. కానీ ముక్కు ఇప్పుడిప్పుడే వంగుతోంది, ఇంకాస్త వంగనీ అనుకుంది. దారం తెంపి, కొత్త దారం ఎక్కించుకుంది.

ఆ వారంలోనే ఇంకోటి రాశాడు. "జాగ్రత్త. కొత్తదాంట్లో చీపురూ పిన్నీసూ పక్కపక్కన ఉన్నాయి. చెయ్యి జారితే దాచుకున్నవన్నీ, ఒక్క మాటైనా అడక్కుండా, ఊడ్చుకుపోతాయి. నావి పోయాయి. మీవైనా కాపాడుకోండి." ఇందులో తిట్టు లేదు. అందుకే కాబోలు అక్క కంటికి ఇది పెద్దగా ఆనలేదు. వాడివి పోయాయి అన్న చోట మాత్రం ఆగి, "పోవాలి," అంది. తమ్ముడికి చెప్పాలని తట్టింది. చెబితే, నీకెలా తెలుసని అడుగుతాడు. పాతది ఎందుకు ఉంచుకుందో బయటపడుతుంది. చెప్పలేదు.

జవాబు రాకపోయేసరికి ముక్కుసూటికి మళ్లీ ముక్కు మీదికి వచ్చింది కోపం. రెండు మూడు రోజుల తర్వాత అదే హెచ్చరిక మళ్లీ పెట్టి, కింద ఒక ముక్క తగిలించాడు. "చీపురుని పిన్నీసు పక్కన పెట్టినవాళ్లు జన్మలో ఇల్లు ఊడ్చి ఉండరు."

అక్క అప్పుడే ఇల్లు ఊడ్చి వచ్చి కూర్చుంది. చేతులకింకా దుమ్ము ఉంది.

ఆమె కవరు నొక్కింది. ఆ గ్రూపుల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా జవాబు రాస్తే, వాళ్లన్న మాట ముందు పెట్టి, పక్కన చిన్న గీతలాంటి గుర్తు వేసి, దాని కింద మన మాట రాయాలి. ఏ మాటకు ఏ జవాబో చదివేవాళ్లకు తెలియాలి కదా. కవరు నొక్కితే పిట్టగోడే అవతలివాళ్ల ఉత్తరమంతా తెచ్చి పెడుతుంది. అలా వచ్చిన ముక్కుసూటి మాటల్ని అక్క ఒక్కొక్కటిగా పట్టుకుని ఉతికింది. హెచ్చరిక కింద, "పోతే పోయాయి, నీ చెత్త ఎవరిక్కావాలి," అని రాసింది. ఇల్లు ఊడ్చడం కింద, "నేను ఊడ్చినన్ని వాకిళ్లు నువ్వు కలలో కూడా చూసి ఉండవు. ఆ కవరు గీసింది నేనే. దిండులా ఉందా? అయితే తల పెట్టుకుని పడుకో. ఎంత అరిచినా నీకు పలికేవాడు లేడు," అని రాసి, తన సొంత పేరుతో పంపించేసింది. నూతిలోకి రాయి వేసి చప్పుడు వింటున్నట్టు, చాలా తృప్తిగా అనిపించింది.

ఆ రాయి నూతిలో పడలేదు. మర్నాడు పొద్దున మరదలు టీ గ్లాసుతో తన కంప్యూటరు ముందు కూర్చుని పిలిచింది.

"వదినా, ఎవరినండీ ఇలా ఉతికి ఆరేశారు?"

"ఎక్కడ?"

"అభిప్రాయాల గ్రూపులో. మీ జవాబు కనిపిస్తోంది, అందులో అతని మాటలూ కనిపిస్తున్నాయి. అతని ఉత్తరం మాత్రం ఎంత వెతికినా లేదు. అందరూ అదే అడుగుతున్నారు, చూడండి."

అక్క వెళ్లి చూసింది. ముక్కుసూటి పేరుతో వచ్చే ఉత్తరాలకే దూది అడ్డం. అక్క పేరుతో వచ్చిన ఉత్తరంలో అతని మాటలు దర్జాగా లోపలికి నడిచి వచ్చాయి. కింద వరసగా జవాబులు. "ఈయన ఎవరికి చెప్పారు? నాకెందుకు కనపడలేదు?" "నాకూ లేదు." "నా దగ్గర ఇంకా పాత పిట్టగోడే ఉంది. దాంట్లో ఈయనవి బోలెడు కనిపిస్తున్నాయే!" "చీపురు సంగతి నిజమే, ఇప్పుడే చూశాను." "పలికేవాడు లేడని ఈవిడకెలా తెలుసు?"

సాయంత్రం తమ్ముడు వేబ్రిడ్జి నుంచి వచ్చేసరికి లైబ్రరీ మేడమ్ ముందుగదిలో కూర్చుని ఉంది. ఆమె తన రీడింగ్ రూములో మెషీన్లన్నిటికీ కొత్త పిట్టగోడ పెట్టించింది. కుర్చీ అంచునే కూర్చుంది, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మొన్న మా దగ్గర చీపురు జారింది," అంది. "రేడియోల గ్రూపు చదవడానికి రోజూ వచ్చే పెద్దాయన ఉన్నాడే? ఎప్పట్నుంచో గుచ్చి దాచుకున్నవన్నీ పోయాయి. కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు పాపం."

"సరిచేస్తాను మేడమ్. నా పొరపాటే."

"చీపురు పొరపాటు. అది నేను పట్టించుకోను, చేత్తో చేసేవాళ్లకు పొరపాట్లు వస్తాయి. కానీ మొన్నటికి ముందే ఒకాయన జాగ్రత్త అని రాశాడట. ఆ మాట నా దాకా ఎందుకు రాలేదు?"

తమ్ముడు అక్క వైపు చూడలేదు. అక్క మిషన్ దగ్గర తలవంచుకుని, కుట్టని గుడ్డని సర్దుతోంది.

"నేనే అడ్డుపెట్టాను," అన్నాడు.

"ఎందుకు?"

"బొమ్మలు బాగాలేవన్నాడని."

మేడమ్ చేతిసంచి భుజానికి తగిలించుకుంది. తర్వాత లేచి, "నేను ఏం చదవకూడదో నువ్వెవరు బాబూ చెప్పడానికి? పైగా నాకు చెప్పకుండా," అంది. గొంతు పెంచలేదు. "రేపు అన్నిట్లోంచీ తీసేయిస్తున్నాను. ఊరికే ఇచ్చావు, సంతోషం. కానీ వద్దు."

ఆమె వెళ్లాక మరదలు తలుపు వేసి వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అక్క నోరు తెరిచింది. "ఒరేయ్..."

తమ్ముడు భార్య వైపు తిరిగాడు. "మీ వదినకు నీళ్లు కావాలేమో అడుగు."

అతను ఆ పూటే దూది తీసేశాడు. చీపురుని దూరంగా జరిపి, దాని ప్రశ్న దానికి మళ్లీ పెట్టాడు. గ్రూపులో జరిగింది జరిగినట్టు, తన పేరు మీదే రాశాడు. అక్క ఊసే లేదు అందులో. సరిచేసినది తెచ్చుకున్నవాళ్లందరికీ ముక్కుసూటి ఉత్తరాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. క్యాబేజీ, రేడియో తీగ, అందుతున్నాయా అన్నది, మానుకుంటానన్నది, అన్నీ. జనం చదివి తమ్ముణ్ణి నాలుగు వైపుల నుంచీ వాయించారు. కొందరు మరో ప్రోగ్రాంకి మారిపోయారు. తమ్ముడు అవన్నీ చదివాడు, దేనికీ ఎదురు చెప్పలేదు. అక్క ఒక్కో తిట్టూ అతని వీపు మీద పడుతున్నట్టు చూస్తూ కూర్చునేది. ఆ తిట్లు తనకు పడి ఉంటే తిరిగి ఇచ్చేది. వాటా అడగడానికి కూడా మాటలుండాలి కదా, అతను మాట్లాడటం లేదు.

పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు చివరి కోరిక ఇప్పుడు ఏమని మార్చాలో ఆమెకు తెలియలేదు. తమ్ముడు చల్లగా ఉండాలన్న కోరిక దగ్గరే చాలాసేపు ఆగిపోయేది.

ముక్కుసూటి ఆమెకు జవాబు రాశాడు. ఆమె రాసిన మాటల్ని పద్ధతి ప్రకారం ముందు పెట్టి, కింద ఇలా అన్నాడు. "ఎవరైనా కనీసం తిట్టడానికైనా పలుకుతారేమోనని ఇన్నాళ్లూ రోజూ తెరిచి చూశాను. మీరు తిట్టారు. చాలా సంతోషం వేసింది. అంత సంతోషం ఎందుకో అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది." ఆపైన ఏమీ లేదు. కోపమో క్షమో అక్కకు అంతుపట్టలేదు.

ఆమె గళ్ల కాగితం తీసుకుంది. మొదట కోపంతోనే మొదలుపెట్టింది. "ఈసారి కవరు చూసి వాడి నోరు దానంతటదే మూతపడాలి," అంది మరదలితో. బజారులో నిజం కవరు కొని బల్ల మీద పెట్టుకుని, మడత ఎక్కడ పడుతుందో, నీడ ఎటు వాలుతుందో చూసింది. గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. ఆస్పత్రి బ్యాడ్జీలు ఆలస్యమయ్యాయి. పాత కవరు పక్కన పెట్టి చూస్తే, ఎంత వద్దనుకున్నా, అది దిండులాగే కనిపించింది.

కొత్త కవరు మరదలి చేత పంపింది. తమ్ముడు ఏమీ అనకుండా పిట్టగోడలో పెట్టాడు.

ముక్కుసూటి అలవాటు ప్రకారం ఆ కొత్తదాని మీద పొడుగ్గా రాశాడు. అక్షరాలు ఇప్పుడు బాగున్నాయన్నాడు. చీపురు సరైన చోటుకి వచ్చిందన్నాడు. దూది ఇంకా క్యాబేజీయేనన్నాడు. కిటికీ మూసే గుర్తు, పక్కన జరిగే పట్టీ, రంగుల వెలుగు, ఒక్కటీ వదల్లేదు. అక్క పైనుంచి కింది దాకా చదివింది. కింది నుంచి పైదాకా చదివింది. కవరు గురించి ఒక్క ముక్క లేదు.

మరచిపోయాడేమో అనుకుంది. తర్వాతి వారం పిన్నీసు మీద రాశాడు. ఆ తర్వాత చీపురు పుల్లల మీద రాశాడు. కవరు జోలికి రాలేదు. గీసింది తానేనని ఆమే అతనికి రాసి చెప్పింది. ఇక మరచిపోవడం ఏమిటి?

ఒక పొద్దున జవాబు రాయబోయి కవరు నొక్కింది. "కవరు గురించి మీరేమీ..." దాకా రాసి చెరిపేసింది. వెనక తమ్ముడు వేబ్రిడ్జికి బయల్దేరుతూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఆమె భుజం మీదుగా తెర మీదికి చూశాడు.

"రాయలేదా?" అన్నాడు. మేడమ్ వచ్చి వెళ్లాక అక్కతో అతనన్న మొదటి మాట అది.

"లేదురా."

"రాయడు. చెబితే మానుకుంటానన్నాడుగా," అన్నాడు తమ్ముడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అక్క ఇంకాసేపు అలాగే కూర్చుంది. తర్వాత కొత్త ఉత్తరాలేమైనా వచ్చాయేమోనని మళ్లీ తెరిచింది.